ఎక్స్‌టెన్షన్ పెట్టడం ఐదు నిమిషాలు, రూల్స్ తేల్చుకోవడం అసలు పని

(హైదరాబాద్‌లో టెక్నికల్ డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి స్క్రీన్ కనిపిస్తోందా? లేదా? ఉండండి, అక్షరాలు పెద్దవి చేస్తాను. ఇప్పుడు? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఇప్పటికీ వర్డ్‌లో మాన్యువల్ రాసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, ఫర్వాలేదు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. గూగుల్ డాక్స్? మంచిది. కోడ్ ఎడిటర్‌లో రాసేవాళ్లు? అంటే వీఎస్ కోడ్ లాంటిదాంట్లో? చూశారా, సగం మంది దాకా ఉన్నారు. ఈ సగం మందిలో ఇష్టపడి వచ్చినవాళ్లు ఎంతమందో నేను అడగను. డెవలపర్లు ఉన్న చోటికి మనం వెళ్లాల్సి వచ్చింది. కోడ్ గిట్‌లో, అంటే ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే వ్యవస్థలో ఉంటుంది, దాని పక్కనే డాక్స్ ఫోల్డర్ ఉంటుంది, ఫీచర్ మారితే అదే పుల్ రిక్వెస్ట్‌లో, అంటే ఈ మార్పులు కలపండని పంపే అభ్యర్థనలో, డాక్యుమెంట్ కూడా మారాలి. ఇది మంచి పద్ధతే. కానీ వర్డ్‌లో అలవాటైన ఎర్రగీత, నీలిగీత ఇక్కడ లేవు. అందుకే ఎక్స్‌టెన్షన్లు, అంటే ఎడిటర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, వెతుక్కుంటాం. వెతికితే ఏం దొరుకుతాయి? వందలు దొరుకుతాయి. "డాక్యుమెంటేషన్ కోసం తప్పక ఉండాల్సిన ఇరవై" అని ఎవరో ఒక జాబితా ఇస్తారు. ఇరవయ్యీ పెట్టేస్తాం. ఆ తర్వాత ఎడిటర్ తెరుచుకోవడానికి టీ తాగి రావచ్చు.

నేను ఇవాళ ఇరవై చెప్పను. రెండే చెబుతాను. మార్క్‌డౌన్‌లింట్ ఒకటి, వేల్ ఒకటి. రెండూ మనం రాసినదాంట్లో తప్పులు పట్టేవే. మీరు రాసేది మార్క్‌డౌన్, అంటే హెడ్డింగులు, లింకులు గుర్తులతో చూపించే మామూలు టెక్స్ట్, అనుకునే చెబుతాను. పైథాన్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లు ఆర్‌ఎస్‌టీ, స్ఫింక్స్ వాడుతుంటారు, కొందరు ఆస్కీడాక్ వాడుతుంటారు, అవీ డాక్స్ తయారుచేసే పద్ధతులే. మీక్కూడా వేల్ పనికొస్తుంది. కాకపోతే ఆర్‌ఎస్‌టీకి డాక్‌యుటిల్స్, ఆస్కీడాక్‌కి ఆస్కీడాక్టర్ మీ మెషిన్‌లో ఉండాలి. అవి లేకపోతే వేల్ ఆ ఫైళ్లని చదవలేదు.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందు, వీఎస్ కోడ్‌లో ముందే ఉన్నవి చూద్దాం. కంట్రోల్ కే నొక్కి వదిలి, వీ నొక్కండి. పక్కన ప్రివ్యూ వస్తుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనివి రెండున్నాయి. సెట్టింగ్స్ తెరిచి "మార్క్‌డౌన్ వ్యాలిడేట్" అని టైప్ చేయండి. ఇదిగో, ఇక్కడ ఎనేబుల్డ్ అని ఉంది, టిక్ లేదు. ముందు నుంచీ టిక్ లేకుండానే ఇస్తారు. టిక్ పెట్టండి. ఇప్పుడు మీ ఫైల్‌లో లేని పేజీకి లింక్ ఇస్తే గీత వస్తుంది. లేని హెడ్డింగ్‌కి లింక్ ఇచ్చినా వస్తుంది. రెండోది, ఫైల్‌ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే దానికి ఉన్న లింకులన్నీ తనే సరిచేసే సెట్టింగ్. "అప్‌డేట్ లింక్స్ ఆన్ ఫైల్ మూవ్". దీనికి ముందే ఉండే విలువ "నెవర్". "ప్రాంప్ట్" అని మార్చండి, అడిగి చేస్తుంది. డాక్స్‌లో తెగిపోయిన లింకుల కోసం ప్రత్యేకంగా ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నవాళ్లు ఈ రెండూ చూసి దాన్ని తీసేయొచ్చు.

ఇక మార్క్‌డౌన్‌లింట్. కంట్రోల్ షిఫ్ట్ ఎక్స్ నొక్కి పేరు కొట్టండి. ఒకే పేరుతో, దగ్గర దగ్గర పేర్లతో చాలా కనిపిస్తాయి. ప్రచురించినవాళ్ల పేరు చూడండి, డేవిడ్ ఆన్సన్ అని ఉండాలి. ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఎక్స్‌టెన్షన్ అనేది మీ లాప్‌టాప్‌లో మీ అనుమతులతో నడిచే ప్రోగ్రామ్. మీరు తెరవగలిగే ఫైళ్లన్నీ అదీ తెరవగలదు. పేరు పక్కన నీలి టిక్ ఉందంటే వాళ్ల వెబ్‌సైట్ డొమైన్ వాళ్లదేనని తేలినట్టు. లోపల కోడ్ మంచిదని కాదు.

ఇది వాక్యాల జోలికి పోదు, మార్క్‌డౌన్ రూపాన్ని మాత్రమే చూస్తుంది. ప్రతి రూల్‌కీ ఒక నంబర్. ఎండీ 001 అంటే హెడ్డింగుల్లో రెండో స్థాయి నుంచి నేరుగా నాలుగో స్థాయికి దూకకూడదు. ఎండీ 040 అంటే కోడ్ బ్లాక్ మొదట్లో అది ఏ రకం కోడో, బాష్, పైథాన్, జేసన్ ఇలా పేరు చెప్పాలి. ఎండీ 045 అంటే బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, ఉండాలి.

ఈ 045 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇటు చూడండి. నేను ఒక స్క్రీన్‌షాట్ తీశాను, మార్క్‌డౌన్ ఫైల్‌లో పేస్ట్ చేస్తున్నాను. బొమ్మ ఫోల్డర్‌లో పడింది, లింక్ కూడా వచ్చింది. బ్రాకెట్ లోపల ఏముంది? "ఆల్ట్ టెక్స్ట్" అన్న మాటే ఉంది! ఎడిటర్ తనే పెట్టింది, ఇక్కడ మీరు రాసుకోండి అని. మనం రాయకుండా ముందుకెళ్లిపోయాం. ఇప్పుడు మార్క్‌డౌన్‌లింట్ ఏమంటుంది? ఏమీ అనదు. ఖాళీగా లేదు కదా, దానికి అంతే చాలు. స్క్రీన్ రీడర్‌తో వినే మనిషికి మాత్రం "ఆల్ట్ టెక్స్ట్" అని వినిపిస్తుంది, పేజీలో ఎన్ని బొమ్మలుంటే అన్నిసార్లు. దీన్ని పట్టుకోవాలంటే మనమే ఒక రూల్ రాసుకోవాలి. టూల్ పచ్చగా ఉంది కాబట్టి పేజీ బాగుంది అనుకోకండి.

ఇప్పుడు అసలు తకరారు. ఎండీ 013. వాక్యం కాదు, లైన్ పొడవు. 80 అక్షరాలు దాటకూడదంటుంది. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌లో ఈ రూల్ ముందు నుంచీ ఆపి ఉంటుంది. కానీ అదే మార్క్‌డౌన్‌లింట్‌ని టెర్మినల్‌లో ఆదేశం టైప్ చేసే కమాండ్ లైన్‌లోనో, మనం పంపిన మార్పుల్ని తనే పరీక్షించే సర్వర్ మీదో నడిపితే? అక్కడ ఆన్‌లో ఉంటుంది. ఏమవుతుంది? మీ స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, ఆనందంగా పుష్ చేశారు, అంటే మార్పులు పంపేశారు, సర్వర్ మీద ఎర్ర క్రాస్. "నా దగ్గర బానే ఉంది కదా!" ఈ డైలాగ్ డెవలపర్లదే అనుకునేవాళ్లం. ఇప్పుడు మనకీ వచ్చింది.

కాబట్టి ఏం చేయాలి? రూల్ కావాలా వద్దా అన్నది ఎడిటర్ సెట్టింగ్స్‌లో కాదు, రెపోలో, అంటే టీమ్ అంతా పంచుకునే గిట్ ఫోల్డర్‌లో, ఉన్న ఫైల్‌లో రాయాలి. రెపో మొదటి ఫోల్డర్‌లో డాట్ మార్క్‌డౌన్‌లింట్ డాట్ యామల్ అని ఒక ఫైల్ పెట్టండి. ఇవి సెట్టింగ్స్ రాసే ఫార్మాట్లు, జేసన్ కూడా పనిచేస్తుంది, కానీ నేను యామల్ అంటాను. ఎందుకు? యామల్‌లో కామెంట్ రాసుకోవచ్చు. ఎండీ 013 ఫాల్స్, పక్కనే కామెంట్: "మన ఫైళ్లలో పెద్ద టేబుల్స్ ఉన్నాయి కాబట్టి." ఆర్నెల్ల తర్వాత కొత్తగా చేరినవాళ్లు "ఇది ఎందుకు ఆపారు?" అని అడగరు. అడిగినా ఫైల్ చూపిస్తాం. ఎడిటర్ ఆ ఫైల్‌నే చదువుతుంది, సర్వర్ కూడా ఆ ఫైల్‌నే చదువుతుంది. ఇవాళ నేను చెప్పేదాంట్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. సెట్టింగ్ మీ లాప్‌టాప్‌లో ఉంటే అది మీ ఇష్టం. రెపోలో ఉంటే అది టీమ్ ఒప్పందం.

సరే, వేల్. ఇది వాక్యాలు చూస్తుంది. స్పెల్లింగ్, వాడకూడని మాటలు, ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు రావడం, ఇలాంటివి. జోసెఫ్ కాటో అనే ఆయన మొదలుపెట్టాడు, గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. నాకు దీంట్లో బాగా నచ్చేది ఏంటంటే మన టెక్స్ట్ ఎక్కడికీ పోదు. మీ మెషిన్‌లోనే నడుస్తుంది. క్లయింట్ ఇంకా ప్రకటించని ప్రొడక్ట్ గురించి రాస్తూ, ఆ పేరాని తీసుకెళ్లి ఆన్‌లైన్ గ్రామర్ చెకర్‌లో పేస్ట్ చేసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

వేల్ ఎక్స్‌టెన్షన్ పెట్టగానే చాలామంది అనే మాట: "సార్, ఏమీ రావట్లేదు." రాదు. ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ వేరు, వేల్ వేరు. ఎక్స్‌టెన్షన్ అన్నది మధ్యవర్తి. పెళ్లిళ్ల పేరయ్య వచ్చాడు, పెళ్లికొడుకు రాలేదు! వేల్ ప్రోగ్రామ్‌ని విడిగా పెట్టుకోవాలి. విండోస్‌లో చాకొలేటీ, మ్యాక్‌లో హోమ్‌బ్రూ, ఉబుంటులో స్నాప్ దాన్ని దింపి పెడతాయి. పెట్టాక ఎడిటర్‌ని పూర్తిగా మూసి తెరవండి, లేకపోతే కొత్త ప్రోగ్రామ్ ఎక్కడుందో దానికి తెలియదు. టెర్మినల్‌లో "వేల్ హైఫెన్ హైఫెన్ వెర్షన్" కొట్టి చూడండి. నంబర్ వస్తే సగం పని అయింది.

మిగతా సగం డాట్ వేల్ డాట్ ఐఎన్‌ఐ అనే ఫైల్. ఇది కూడా రెపోలోనే. ఇదిగో, నాలుగైదు లైన్లే. చదువుతాను. స్టైల్స్‌పాత్ ఈక్వల్స్ స్టైల్స్. అంటే రూల్స్ ఉండే ఫోల్డర్. మిన్ అలర్ట్ లెవెల్ ఈక్వల్స్ వార్నింగ్. అంటే చిన్నాచితకా సలహాలు చూపించకు. ప్యాకేజెస్ ఈక్వల్స్ గూగుల్. అంటే గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్‌ని చూసి తయారుచేసిన రూల్స్ కావాలి. కింద బ్రాకెట్‌లో స్టార్ డాట్ ఎండీ, అంటే మార్క్‌డౌన్ ఫైళ్లకి. బేస్డ్ ఆన్ స్టైల్స్ ఈక్వల్స్ వేల్ కామా గూగుల్. అయిపోయింది. సేవ్ చేసి టెర్మినల్‌లో "వేల్ సింక్" కొట్టాలి. ఇది కొట్టకపోతే ప్యాకేజీ దిగదు. దీన్నే అందరూ మర్చిపోతారు. వేల్ సింక్. మళ్లీ చెబుతున్నా, వేల్ సింక్.

మైక్రోసాఫ్ట్ స్టైల్ ప్యాకేజీ కూడా ఉంది. రెండూ కలిపి పెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టకండి. ఒకే తప్పుకి రెండేసి గీతలు వస్తాయి, అంతకుమించి లాభం లేదు.

ఇప్పుడు మీ పాత డాక్స్ ఫోల్డర్ తెరవండి. కంట్రోల్ షిఫ్ట్ ఎం, ప్రాబ్లమ్స్ ప్యానెల్. గీతలు, గీతలు, గీతలు. ఇక్కడే చాలామంది ఎక్స్‌టెన్షన్ తీసేస్తారు. తీసేయకండి. ఏం వచ్చాయో చూడండి. చాలావరకు స్పెల్లింగ్. ఎందుకు? దాంట్లో ఉన్నది అమెరికన్ ఇంగ్లిష్ డిక్షనరీ. మన దగ్గర లక్ష ఉంది, కోటి ఉంది, జీఎస్టీఐఎన్ ఉంది, మన మనుషుల పేర్లున్నాయి, ఊళ్ల పేర్లున్నాయి. దానికి ఇవేవీ తెలియవు. వాటికోసం ఒక మాటల జాబితా ఉంటుంది. స్టైల్స్ లోపల కాన్ఫిగ్, దాని లోపల వొకాబులరీస్, దాంట్లో మీ టీమ్ పేరుతో ఫోల్డర్, దాంట్లో యాక్సెప్ట్ డాట్ టీఎక్స్‌టీ. లైన్‌కి ఒక మాట. ఐఎన్‌ఐ ఫైల్‌లో వొకాబ్ ఈక్వల్స్ అని ఆ ఫోల్డర్ పేరు ఇవ్వడం మర్చిపోకండి. పాత ట్యుటోరియల్స్‌లో ఈ ఫోల్డర్ వేరే చోట చూపిస్తారు. మూడో వెర్షన్ నుంచి మారింది. ఈ జాబితా ఇంకో పని కూడా చేస్తుంది. యూపీఐ అని పెద్దక్షరాల్లో పెట్టారనుకోండి, ఎవరైనా చిన్నక్షరాల్లో రాస్తే పట్టుకుంటుంది.

కొన్ని స్పెల్లింగ్ గీతలు మాత్రం మంచి సంకేతాలు. కమాండ్ పేరుకి గీత వచ్చిందా? డిక్షనరీలో చేర్చకండి. దాన్ని బ్యాక్‌టిక్స్‌లో, అంటే ఇది కోడ్ అని చెప్పే వాలు కొటేషన్ గుర్తుల్లో, పెట్టడం మర్చిపోయారన్నమాట. బ్యాక్‌టిక్స్‌లో ఉన్నదాన్ని వేల్ ముట్టుకోదు.

ఇక మన సొంత రూల్. ఇది చూపించాలనే ఇంత దూరం వచ్చాను. ఆధార్. దీని అధికారిక ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో "ఏ" అక్షరాలు ఎన్ని? మేడమ్, మీరు చెప్పండి. నాలుగు, కరెక్ట్. మొదట రెండు, ధా దగ్గర రెండు. మన డాక్స్‌లో ఎన్ని రకాలుగా రాస్తాం? మూడు ఏలతో ఉంటుంది, రెండు ఏలతో ఉంటుంది. ఫారం మీద ఒకటి, హెల్ప్ పేజీలో ఒకటి. యూజర్ సెర్చ్‌లో సరైన స్పెల్లింగ్ కొడితే పేజీ రాదు. రూల్ రాద్దాం. స్టైల్స్ లోపల మీ టీమ్ ఫోల్డర్, దాంట్లో ఆధార్ డాట్ వైఎంఎల్. ఎక్స్‌టెండ్స్ కోలన్ సబ్‌స్టిట్యూషన్. మెసేజ్ కోలన్, "పర్సెంట్ ఎస్ అని రాయండి, పర్సెంట్ ఎస్ కాదు". పర్సెంట్ ఎస్ ఉన్న చోట్ల ఒప్పు మాట, తప్పు మాట వేలే నింపుకుంటుంది. లెవెల్ కోలన్ ఎర్రర్. ఇగ్నోర్‌కేస్ కోలన్ ట్రూ. స్వాప్ కోలన్, కింద లైన్‌లో తప్పు స్పెల్లింగ్, కోలన్, ఒప్పు స్పెల్లింగ్. సేవ్. ఐఎన్‌ఐలో బేస్డ్ ఆన్ స్టైల్స్‌కి మన ఫోల్డర్ పేరు కూడా కలపాలి. ఇప్పుడు ఫైల్ సేవ్ చేస్తున్నా... వచ్చింది, ఎర్రగీత.

ఇంకో రూల్ మీరే రాసుకోండి, "డూ ది నీడ్‌ఫుల్" కోసం. నవ్వుతున్నారు కానీ మీ రెపోలో వెతకండి, దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. సింక్ దింపిన ప్యాకేజీలు రెపోలో పెట్టక్కర్లేదు కదా అని గిట్ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడనివాటి జాబితాలో, స్టైల్స్ ఫోల్డర్ మొత్తం రాసేస్తే, మీ సొంత రూల్స్ కూడా మీ లాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ప్యాకేజీ ఫోల్డర్ ఒక్కదాన్నే రాయండి.

మరి ఏ రూల్ ఎర్రర్, ఏది వట్టి సలహా? ఇదే తేల్చుకోవాల్సింది. వేల్ ఎర్రర్ ఉంటేనే సర్వర్ మీద ఫెయిల్ అవుతుంది, వార్నింగ్‌కి ఫెయిల్ కాదు. నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనక్కర్లేదు. ప్రొడక్ట్ పేర్లు, ఆధార్ లాంటి స్పెల్లింగులు ఎర్రర్. వాటిలో వాదన ఉండదు. కర్మణి వాక్యం, అదే పాసివ్ వాయిస్, ఎప్పుడూ ఎర్రర్ కాకూడదు. రాత్రి పదకొండుకి బగ్ సరిచేసి, పాపం ఒక డెవలపర్ తనంతట తనే రెండు లైన్ల డాక్యుమెంట్ కూడా రాశాడు. ఆ పుల్ రిక్వెస్ట్‌ని పాసివ్ వాయిస్ అని ఆపేస్తే మళ్లీ జన్మలో డాక్యుమెంట్ రాస్తాడా? గూగుల్ డాట్ పాసివ్ ఈక్వల్స్ నో. ఒక్క లైన్. ఆపేయండి.

తెలుగులో డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు ఇక్కడ కొందరున్నారు, మీకోసం కొంచెం. తెలుగులో పాసివ్ విషయంలో నా మాట తిరగబడుతుంది. "ఫైల్ సేవ్ చేయబడుతుంది, సర్వర్ ప్రారంభించబడుతుంది, మీరు లాగిన్ చేయబడ్డారు." ఇది ఎవరు మాట్లాడతారండి? దీనికి మాత్రం నేను వార్నింగ్ పెడతాను. ఎక్స్‌టెండ్స్ ఎగ్జిస్టెన్స్, అంటే ఈ మాటలు కనిపిస్తే పట్టుకో అని, టోకెన్స్‌లో "బడుతుంది", "బడింది", "బడ్డారు". నాన్‌వర్డ్ ట్రూ అని కూడా రాయాలి, లేకపోతే పదం మొదలూ చివరా చూసుకుని మధ్యలో ఉన్నదాన్ని వదిలేస్తుంది. కాకపోతే "కనబడుతుంది", "భయపడ్డారు" లాంటివి కూడా చూసుకోండి. మొదటిదాన్ని ఈ రూల్ అనవసరంగా పట్టుకుంటుంది, రెండోదాన్ని పట్టుకోదు. అందుకే వార్నింగ్ అన్నాను, ఎర్రర్ అనలేదు. తెలుగు ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉంచి, ఐఎన్‌ఐలో ఆ ఫోల్డర్‌కి వేరే భాగం పెట్టి, వేల్ డాట్ స్పెల్లింగ్ ఈక్వల్స్ నో అనండి. ఇంగ్లిష్ డిక్షనరీతో మన తెలుగుకి పనేముంది?

లైన్ పొడవు రూల్ కూడా తెలుగుకి ఆపేయండి. "స్త్రీ" అని రాశాను చూడండి. కంటికి ఎంత? ఒక్క అక్షరం. ఎడిటర్ లెక్కలో ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఈ లెక్కన 80 ఎక్కడికొస్తుంది?

ఇంకోటి. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు టకారపు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ పెడతాం, 'వ' వత్తుగా మారి కింద పడకుండా. మార్క్‌డౌన్‌లో వీఎస్ కోడ్ దాన్ని పట్టించుకోదు. కానీ అదే మాట మీ సైట్ మెనూ ఉన్న యామల్ ఫైల్‌లో రాస్తే చుట్టూ పసుపు గడి వస్తుంది, కనిపించని క్యారెక్టర్ ఉంది జాగ్రత్త అని. కోడ్‌లో ఎవరైనా మోసపూరితంగా అలాంటివి దూర్చకుండా పెట్టిన కాపలా అది. మంచిదే. తెలియక దాన్ని తీసేశారనుకోండి, మెనూలో "సాఫ్ట్వేర్" అయిపోతుంది. తీయకండి. మౌస్ దాని మీద పెడితే, ఈ క్యారెక్టర్‌కి మినహాయింపు ఇవ్వమంటావా అని అడుగుతుంది, ఇచ్చేయండి. వత్తుల కింది భాగం తెగినట్టు కనిపిస్తుంటే ఎడిటర్ లైన్ హైట్ పెంచండి.

టీమ్‌కి ఇవ్వడం గురించి త్వరగా చెప్పేస్తాను, టైమ్ అయిపోతోంది. డాట్ వీఎస్‌కోడ్ అనే ఫోల్డర్‌లో ఎక్స్‌టెన్షన్స్ డాట్ జేసన్ పెట్టి, రికమండేషన్స్ కింద ఈ రెండు ఎక్స్‌టెన్షన్ల ఐడీలు రాయండి. కొత్తవాళ్లు ఫోల్డర్ తెరవగానే, ఇవి పెట్టుకుంటారా అని ఎడిటరే అడుగుతుంది. ఈ ఫోల్డర్ గిట్ఇగ్నోర్‌లో ఉందేమో చూసుకోండి, చాలా చోట్ల ఉంటుంది. సర్వర్ మీద నడిపేటప్పుడు వేల్ వెర్షన్ నంబర్ ఇవ్వండి, లేటెస్ట్ అని వదిలేయకండి.

ప్రశ్నలా? అడగండి.

ఏఐతో రాయిస్తే ఇవన్నీ ఎందుకు అంటున్నారు. వేల్‌కి ఎవరు రాశారన్నది అనవసరం, ఫైల్ ఉంటే చూస్తుంది. ఏఐ రాసినదాంట్లో స్పెల్లింగ్ బానే ఉంటుంది. లేని ఆప్షన్‌ని ఉన్నట్టు రాస్తుంది, అదీ తంటా. దాన్ని వేల్ పట్టుకోలేదు, మార్క్‌డౌన్‌లింట్ పట్టుకోలేదు. ఆ కమాండ్‌ని మీరే టెర్మినల్‌లో కొట్టి చూడాలి.

ఆ చివర ఉన్న బాబు? విమ్ ఎడిటర్ వాడతావా. నీకేం ఇబ్బంది లేదు. రెండు టూల్సూ కమాండ్ లైన్‌లో నడుస్తాయి, కాన్ఫిగ్ ఫైళ్లు రెపోలో ఉన్నాయి. మా వీఎస్ కోడ్‌లో వచ్చిన ఎర్రర్లే నీకూ వస్తాయి.

వర్డ్ ఫైళ్లు బోలెడున్నాయి, ఎలా అంటున్నారు. పాన్‌డాక్ అని ఫైళ్ల ఫార్మాట్ మార్చే ప్రోగ్రామ్ ఉంది, అది వాడండి. వర్డ్ ఫైల్ ఇచ్చి, గిట్‌హబ్ మార్క్‌డౌన్ కావాలనండి. ఎక్స్‌ట్రాక్ట్ మీడియా ఆప్షన్ ఇస్తే బొమ్మలు విడి ఫోల్డర్‌లో పెడుతుంది. మధ్యలో కలిపేసిన గడులున్న టేబుల్స్ మాత్రం సరిగ్గా రావు, చేత్తో సరిచేసుకోవాలి. మార్చినవన్నీ ఒకేసారి రెపోలో పెట్టి వేల్ నడపకండి. ఎక్కువమంది చదివే పేజీతో మొదలుపెట్టి, దాంట్లో ఎర్రర్లు సున్నా చేసి, తర్వాత రెండోదానికి వెళ్లండి. పాత ఫోల్డర్‌లో మిగిలినవాటికి ఐఎన్‌ఐలో బేస్డ్ ఆన్ స్టైల్స్ ఖాళీగా ఉంచిన భాగం పెడితే, వాటి వంతు వచ్చేదాకా వేల్ వాటి జోలికి పోదు.